చేపల పత్రికల్లో చేపలెక్కడ సార్?

హోస్ట్: నమస్కారం. కర్నూలు నుంచి మన పాడ్‌కాస్ట్. ఈ వారం సబ్జెక్టు వింటే కొందరు నవ్వుతారు. గాలం వేసేవాళ్ల కోసం వచ్చే పత్రికలు ఎందుకింత చప్పబడినాయి అని. నా పక్కన ఉన్నది మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన సారు. పాఠం కంటే గాలం గురించి బాగా చెప్పేవారు. అట్లంటే పర్వాలేదా సార్?

సార్: నిజం చెప్తే ఏం పర్వా అప్పా. మీ బ్యాచ్‌కు నేను చెప్పిన పాఠం ఒక్కటన్నా గుర్తుందా నీకు?

హోస్ట్: [నవ్వు] కొర్రమీనుకు కప్పను ఎట్ల గుచ్చాలో గుర్తుంది.

సార్: చూస్తివా మల్ల.

హోస్ట్: సరే సార్, ఈ పత్రికల పిచ్చి మీకు యాడ అంటుకుంది? మన ఊర్లో అయితే దొరకవు కదా.

సార్: గాలం పిచ్చి తుంగభద్ర ఒడ్డున. చదివే పిచ్చి హైదరాబాదులో. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పోస్తారు కదా, ఆడ అమెరికా పత్రికలు ‘ఫీల్డ్ అండ్ స్ట్రీమ్’, ‘ఔట్‌డోర్ లైఫ్’ దొరికేవి. తర్వాత మా అక్క కొడుకు లండన్‌లో ఉద్యోగంలో చేరినాక ‘యాంగ్లింగ్ టైమ్స్’ కట్టలు కట్టలు తెచ్చేవాడు. చాక్లెట్లు తేకున్నా పర్వాలేదు, ఇవి మాత్రం మర్చిపోవద్దని చెప్పినా. 2009 అక్టోబర్ వరదకు కింద గదిలో ఉన్నవన్నీ నాని ముద్దయిపాయ. అటక మీదవి మిగిలినాయి. కొత్తవి ఇప్పుడు ఫోన్‌లోనే, మాగ్‌స్టర్ లాంటి యాప్‌లో చదువుతున్నా.

హోస్ట్: పాతది, కొత్తది పక్కపక్కన పెడితే ఏం తేడా కనపడుతుంది?

సార్: ఫోటోలు చూడు చాలు. ఇప్పుడొచ్చేదాంట్లో ప్రతి పేజీలో ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చొని, రెండు చేతుల్తో చేపను కెమెరా ముందుకు తోసి పట్టుకుంటాడు. టోపీ మీద కంపెనీ పేరు, జాకెట్ మీద కంపెనీ పేరు. వెనక నీళ్లు మసక మసక. ఎందుకంటే ఏ చెరువో ఎవరూ గుర్తుపట్టకూడదు! గాలం పత్రికలో నీళ్లు దాచిపెట్టే కాలం వచ్చింది.

హోస్ట్: పాతదాంట్లో?

సార్: పాతదాంట్లో చేతి బొమ్మలుండేవి. చెరువును అడ్డంగా కోసినట్టు గీసి, గాలి ఎటు నుంచి వస్తే నీటి పైపొర ఎటు పోతుంది, మేత యాడ చేరుతుంది, ఎండాకాలం కింద చల్లటి నీళ్లు పైన వేడి నీళ్లు ఎట్ల విడిపోతాయి, అప్పుడు చేప ఏ లోతులో ఉంటుంది... ఇవన్నీ రాసేవాళ్లు. చదివి నేను తుంగభద్ర మీదున్న సుంకేసుల బ్యారేజీకి పోతే నా చేతిలో వాళ్ల రాడ్డు లేదు, వాళ్ల చేప లేదు. అయినా ఆ రాత నాకు పనికొచ్చింది. నీళ్లు నీళ్లే కదా యాడైనా.

హోస్ట్: అట్ల రాసినోళ్లలో ఒక పేరు చెప్పండి సార్.

సార్: రిచర్డ్ వాకర్. ‘యాంగ్లింగ్ టైమ్స్’ అనే వారపత్రిక ఇంగ్లండ్‌లో 1953లో మొదలయింది. ఆయన దానికి దశాబ్దాల పాటు కాలమ్ రాసినాడు. చదివింది ఇంజనీరింగు, చేసింది గడ్డి కోసే మిషన్ల వ్యాపారం. 1952లో రెడ్‌మైర్ అనే చిన్న కుంటలో 44 పౌండ్ల కార్పు పట్టి ఆ దేశపు రికార్డు కొట్టినాడు. అంటే 20 కిలోలు అనుకో. కార్పు అంటే మనం బంగారు తీగ అంటామే, అదే. అప్పటి దాకా ఆ దేశంలో పెద్ద కార్పును గాలంతో పట్టలేమని గట్టిగా నమ్మేవాళ్లు శానా మంది. చేపను చంపకుండా లండన్ జూకు ఇచ్చినాడు, అది ఆడ ఏండ్ల తరబడి బతికింది.

హోస్ట్: ఆ రికార్డు ఎన్నాళ్లు నిలిచింది?

సార్: 1980 దాకా. అప్పుడు క్రిస్ యేట్స్ అనే ఆయన 51 పౌండ్ల 8 ఔన్సుల కార్పు పట్టినాడు. యాడ పట్టినాడు చెప్పు?

హోస్ట్: అదే కుంటలోనా?

సార్: అదే రెడ్‌మైర్‌లో! అది అట్లుంచు. వాకర్ గొప్పతనం చేప బరువులో లేదు. ఆయన దేన్నైనా ‘ఎందుకు’ అని అడిగేవాడు. పెర్చ్ అనే చేప కోసం ఆర్లెసీ అనే చెరువులో లోతుకు, దూరానికి వేయాలంటే దారం మెలిక పడుతాంది. ఎందుకు పడుతాంది? దారానికి కట్టిన సీసపు బరువు గాల్లో తిరుగుతాంది కాబట్టి. అట్లయితే బరువును పియర్ కాయ ఆకారంలో పోసి, కొసన తిరిగే రింగు పెడదాం. అదే ఆర్లెసీ బాంబ్. ఇప్పటికీ ప్రపంచమంతా వాడతారు. నీ పెట్టెలో కూడా ఉంటుంది, పేరు తెలియకుండా. ఆయన అది తయారు చేసిన తీరు రాసినాడు, చదివినోడు ఇంట్లో సీసం కరిగించి పోసుకోవచ్చు. ఇప్పుడు అదే వ్యాసం వస్తే చివర్లో బాక్స్ కట్టి ‘ధర ఇంత, ఇక్కడ కొనండి’ అని ఉంటుంది.

హోస్ట్: అదేం తప్పు సార్? కంపెనీ బతకొద్దా? నాకైతే ఏది కొనాలో తెలిస్తే పని సులువు.

సార్: కంపెనీ బతకాలప్పా. పేజీలో ప్రకటన వేసుకోమను, నేనే చూస్తా. పాత సంచికల్లో ప్రకటనలు చదవడం నాకు శానా ఇష్టం కూడా. నా గొడవ వ్యాసమే ప్రకటన అయినప్పుడు. ఇది ఎట్ల జరిగిందో చెప్తా విను. పత్రికకు రెండు దారుల్లో డబ్బు వస్తుంది, అమ్మకం ఒకటి, ప్రకటన ఒకటి. అమ్మకం పడిపోతే మొదట ఆఫీసులో మనుషుల్ని తీసేస్తారు. మనుషులు లేకున్నా పేజీలు నిండాల కదా. అప్పుడు ఎర కంపెనీ వచ్చి ‘మా దగ్గర పేరున్న ఆటగాడు ఉన్నాడు, ఆయనే రాస్తాడు, మీరు పైసా ఇయ్యొద్దు’ అంటుంది. ఆయనకు కంపెనీ ఇచ్చేది డబ్బు కూడా కాదు శానాసార్లు, ఊరికే ఎర, సామాన్లు. ఎడిటర్‌కు పేజీ నిండింది, కంపెనీకి పేరు వచ్చింది, రాసినోడికి ఎర వచ్చింది.

హోస్ట్: చదివేవాడికి?

సార్: వాడికేం రాలేదు. వాడు మానేస్తాడు. మానేస్తే అమ్మకం ఇంకా పడుతుంది. మల్ల మొదటి నుంచి తిరుగు. ఇంటర్నెట్ వచ్చి పత్రికల్ని చంపింది అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఇంటర్నెట్ రాకముందే ఇది మొదలయింది. ఇంగ్లండ్‌లో బాయిలీ అని ఒక ఎర ఉంటుంది, పిండి, గుడ్డు కలిపి ఉడకబెట్టిన ఉండలు. మొదట్లో దాన్ని గాలం వేసేవాళ్లే ఇంట్లో చేసుకునేవాళ్లు. ఏ పొడి ఎంత, ఎందుకు అని పత్రికల్లో కొట్లాడుకునేవాళ్లు. అది ప్యాకెట్లలోకి వచ్చి పెద్ద వ్యాపారమైనాక కొట్లాట ఆగిపాయ. ప్యాకెట్ రంగు మీద వ్యాసాలు మొదలాయ.

హోస్ట్: మన శెనగ చెక్క, మైదా ఉండకు ఎవరూ స్పాన్సర్ రాలేదు, అదే మన అదృష్టం.

సార్: [నవ్వు] రానీ, వస్తారు. పత్రికల సంగతికొస్తే, ఇంగ్లండ్‌లోనే ‘యాంగ్లర్స్ మెయిల్’ అని ఇంకో వారపత్రిక, 1964లో పుట్టింది, 2020లో మూతపడింది. అమెరికాలో ‘ఫీల్డ్ అండ్ స్ట్రీమ్’ 1895 నాటిది, అది కూడా 2020లో కాగితం ఆపేసింది. 2024లో ఎరిక్ చర్చ్, మోర్గన్ వాలెన్ అని ఇద్దరు పాటగాళ్లు కొని మల్ల అచ్చు వేయిస్తున్నారు. ఏం చేస్తారో చూడాల.

హోస్ట్: అమెరికావి కూడా ఇట్లనే చెడినాయా?

సార్: వాళ్లలో ఒకటి నాకు నేర్పినంత ఇంకేదీ నేర్పలేదు. ‘ఇన్-ఫిషర్‌మ్యాన్’. లిండ్నర్ అన్నదమ్ములు 1975లో పెట్టినారు. వాళ్లకొక సూత్రం. చేప, చోటు, ఎర చూపించే తీరు, ఈ మూడూ కలిస్తేనే పట్టు. వరస గమనించు. ముందు చేప స్వభావం, దాని తర్వాత అది యాడ ఉంటుందో, ఆ రెండూ తెల్సినాకే ఎర. ఇప్పటి పత్రిక తీసుకో, మూడోదే మొదలు, మూడోదే చివర. ఎందుకంటే మొదటి రెండూ ఎవరూ అమ్మలేరు.

హోస్ట్: ఇది బాగుంది సార్. కానీ నేనొకటి అంటా. నాకు ముడులు వేయడం పత్రిక చూసి రాలేదు. బొమ్మలో దారం యాడ నుంచి యాడ పోతాందో అర్థమయ్యేది కాదు. యూట్యూబ్‌లో ఒకసారి చూస్తే వచ్చేసింది.

సార్: ముడుల విషయంలో నీదే గెలుపు. కొట్లాట లేదు. రీలు విప్పి గ్రీజు పెట్టడం కూడా వీడియోలోనే బాగుంటుంది. కానీ వీడియోలు కూడా అదే దారిలో పోతున్నాయి, ఇంకా జోరుగా. మన తెలుగు వీడియోలే తీసుకో. వానలు పడినాక కొర్రమీను పిల్లలు పెడుతుంది. నీటి మీద ఎర్రగా ఒక గుంపు, బుడబుడమని పైకి తేలుతూ, మునుగుతూ ఉంటుంది.

హోస్ట్: చూసినా. మా ఊరి కుంటలో.

సార్: దాని కిందనే తల్లి, తండ్రి కాపలా ఉంటాయి. వాటికి అప్పుడు ఆకలి లేదు, మేతకు రావు. కానీ పిల్లల గుంపులో కప్ప బొమ్మ పడితే శత్రువు వచ్చిందని కొడతాయి. వందసార్లు వేస్తే వందసార్లు కొడతాయి. అది నైపుణ్యం కాదప్పా. కాపలా పోయినాక ఆ పిల్లల్ని జిలేబీ చేపలు, జెల్లలు, కొక్కిరాయిలు గంటల్లో తినేస్తాయి. ఒక చేపను పట్టి ఆ ఏడాది పంట మొత్తం తుడిచేసినట్టు. దీన్నే ఒకాయన ‘కొర్రమీను పట్టే సీక్రెట్ ట్రిక్’ అని పెడతాడు, లక్షల మంది చూస్తారు, కింద కప్ప బొమ్మ కొనే లింకు ఉంటుంది.

హోస్ట్: నిజమే సార్. నేను కూడా అట్లాంటి వీడియో షేర్ చేసిన వాళ్లను చూసినా.

సార్: మంచి పత్రిక ఉన్నింటే ఏమయ్యేదంటే, ఒకడు ఆ ట్రిక్ రాస్తే వచ్చే సంచికలో పది ఉత్తరాలు వచ్చేవి, ‘ఏమయ్యా, బుద్ధుందా’ అని. ఉత్తరాల పేజీయే పత్రికకు వెన్నెముక. ఇప్పుడు కామెంట్ పెడతాం, ఆయన డిలీట్ చేస్తాడు, అయిపాయ. ఎడిటర్ అనేవాడు లేడు కదా మధ్యలో.

హోస్ట్: పాతవి అంత మంచివేనా? మీరు కొంచెం ప్రేమతో చెప్తున్నారేమో.

సార్: లేదు లేదు. పాత పత్రికల్లో తోరణం కట్టినట్టు చచ్చిన చేపల ఫోటోలు ఉండేవి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆడవాళ్లు గాలం వేస్తారన్న సంగతే వాళ్లకు తెలియనట్టు ఉండేది. ఇంక సీసం. ఒడ్డున పారేసిన సీసపు గుండ్లు మింగి ఇంగ్లండ్‌లో హంసలు చచ్చిపోయేవి. గాలం వేసేవాళ్లు ఏండ్లపాటు ‘అవి చచ్చేది మా వల్ల కాదు’ అని వాదించినారు. 1987లో ప్రభుత్వం చిన్న సీసపు గుండ్లు నిషేధించింది. నేను చెప్పేదేంటంటే, ఆ వాదన కూడా పత్రికల్లోనే జరిగింది, రెండు పక్కలా. మన దగ్గర సీసం గురించి ఎవరన్నా ఒక్క మాట అన్నారా? కేసీ కాలువలో ఎన్ని గుండ్లు తెగిపోయి ఉంటాయో.

హోస్ట్: మన దేశంలో ఇట్లాంటి రాత అసలు లేదా సార్?

సార్: ఉండె. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్ 1886 నుంచి వస్తాంది. 1930లు, 40లలో దాంట్లో సుందర్ లాల్ హోరా అని చేపల శాస్త్రవేత్త మన దేశపు గాలం చేపల మీద వరసగా రాసినాడు, మహసీర్ అనే పెద్ద నది చేప మీద ముఖ్యంగా. శాస్త్రవేత్త రాస్తే గాలం వేసేవాడు చదివినాడు, గాలం వేసేవాడు నదిలో చూసింది జర్నల్‌కు రాస్తే శాస్త్రవేత్త చదివినాడు. ఆ దారి తర్వాత సన్నబడింది. తెలుగులో అయితే చెరువులో చేపలు పెంచడం మీద పుస్తకాలు చూసినా గానీ గాలం మీద పత్రిక నా కంట పడలేదు.

హోస్ట్: మీరే పెట్టండి సార్. మొదటి సంచికలో ఏముంటుంది?

సార్: [కొంచెం ఆగి] మొదటి వ్యాసం నేను రాయను. సుంకేసుల కింద తెప్పల మీద వల వేసే బెస్తవాళ్లలో ఒక ముసలాయన ఉన్నాడు. గేట్లు ఎత్తినాక ఎర్రనీళ్లు వచ్చినప్పుడు వాలుగ యాడ చేరుతుందో, నీళ్లు తేరినాక ఎన్నో రోజున బొచ్చె కదులుతుందో ఆయన చెప్తే టేప్ చేసి రాపిస్తా. ఆయన మాట ఆయన మాటలోనే. రెండోది కొర్రమీను పిల్లల కాలం, అప్పుడు గాలం పక్కన పెట్టాలని. మూడోది పెన్నలో, చిత్రావతిలో నీళ్లున్న ఏడు, లేని ఏడు చేపలు ఏమవుతాయని, అనంతపురం వాళ్లెవరన్నా రాయాల. ఉత్తరాలకు నాలుగు పేజీలు.

హోస్ట్: ప్రకటనలు?

సార్: కొర్రమీను వ్యాసం చదివినాక కప్ప బొమ్మలోడు ఇస్తాడా నాకు?

హోస్ట్: ఇయ్యడు. [నవ్వు] అయితే ధర ఎంత పెడతారు?

సార్: కిలో చేప ధర పెడదాం.

హోస్ట్: కొర్రమీనుదా? ఎవరు కొంటారు సార్ అంత పెట్టి!

సార్: కొర్రమీను కాదులేప్పా, జిలేబీ.