ఫ్యాను చల్లబరచదు: రాయలసీమ ఎండల్లో గ్రో టెంటు
(అనంతపురంలో ఇంటిపంటలు, మిద్దెతోటలు సాగుచేసేవారి ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో పనులు మానుకుని వచ్చి కూర్చున్నారు. నేరుగా విషయంలోకి వస్తాను.

గ్రో టెంటు మీలో చాలామంది చూసే ఉంటారు. ఇనుప గొట్టాల చట్రం, దానికి లోపలివైపు తళతళ మెరిసే గుడ్డ, పైన ఎల్‌ఈడీ లైటు, ఒక మూల ఎగ్జాస్టు ఫ్యాను. ఆకుకూరలు, నారు, మైక్రోగ్రీన్స్ (మొలకెత్తిన కొద్ది రోజులకే కోసుకునే చిట్టి ఆకుకూరలు) పెంచుకోవడానికి ఇంట్లోనే పెట్టుకునే చిన్న గది అనుకోండి. దీని గురించి మనకు దొరికే వీడియోలు ఎక్కువగా చలిదేశాల వాళ్ళు చేసినవి. అక్కడ గది 20 డిగ్రీలుంటుంది. లైటు వేస్తే టెంటు లోపల 28 అవుతుంది, ఫ్యాను వేస్తే 23కి దిగుతుంది. అది చూసి మనమూ అదే ఫ్యాను తెచ్చుకుంటాం. మే నెల మధ్యాహ్నం మన గదిలో 38 ఉంటుంది. అప్పుడు ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా టెంటు 38 కిందికి రాదు. ఎందుకు వస్తుంది? అది పీల్చుకునేది ఆ గదిలోని గాలినే కదా.

ఈరోజు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. ఫ్యాను పని లైటు పుట్టించిన వేడిని బయటికి మోసుకుపోవడం. చల్లబరచడం దాని చేతిలో లేదు. టెంటులో రెండు రకాల వేడి ఉంటుంది. ఒకటి లైటు వేడి, రెండోది గది వేడి. మొదటిదానికి మందు ఫ్యాను. రెండోదానికి మందు వేరే. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లే జనం ఒక ఫ్యాను చాలలేదని ఇంకో పెద్ద ఫ్యాను కొంటున్నారు, దాని తర్వాత ఇంకా పెద్దది కొంటున్నారు.

ముందు లైటు సంగతి చూద్దాం. ఎల్‌ఈడీ చల్లగా ఉంటుందని ఒక నమ్మకం ఉంది. 100 వాట్ల కరెంటు తీసుకునే లైటు చివరికి దాదాపు 100 వాట్ల వేడినీ టెంటులోనే వదులుతుంది. వెలుతురు కూడా ఆకుల మీద, గోడల మీద పడి వేడిగానే మారుతుంది. మొక్క తనలో దాచుకునేది అందులో చాలా కొంచెం. పాత సోడియం లైట్లకంటే ఎల్‌ఈడీ మేలే, కానీ ఆ మేలు అంతే వెలుతురును తక్కువ కరెంటుతో ఇవ్వడంలో ఉంది. లైటుకు కరెంటు అందించే డ్రైవర్ అనే డబ్బా కూడా వేడెక్కుతుంది. దాన్ని విప్పి బయట తగిలించే వీలుంటే తప్పకుండా బయట పెట్టండి. లైటు తీసుకునే కరెంటులో నూటికి పది వంతుల దాకా అక్కడే వేడిగా పోతుంది, ఆ వేడి మొక్కల నెత్తిన ఎందుకు?

ఇప్పుడు ఎంత ఫ్యాను కావాలో లెక్క వేద్దాం. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. లైటు వాట్లను 3తో హెచ్చవేయండి. టెంటు గదికంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువున్నా పర్వాలేదు అనుకుంటారో ఆ సంఖ్యతో భాగించండి. వచ్చేది గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి కదలాలో ఆ లెక్క. 200 వాట్ల లైటు ఉంది, గదికంటే 3 డిగ్రీలు ఎక్కువైనా ఫర్వాలేదు అనుకుందాం. 200 ఇంటూ 3 బై 3, అంటే గంటకు 200 ఘనపు మీటర్లు. ఫ్యాన్ల మీద రాసే సీఎఫ్‌ఎంలో, అంటే నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి అనే లెక్కలో చెప్పాలంటే 120కి దగ్గర. అదే 3 డిగ్రీల తేడాను ఒకటిన్నరకు తగ్గించాలంటే? గాలి రెట్టింపు కావాలి, 240 సీఎఫ్‌ఎం. డబ్బు, మోత రెండూ పెరుగుతాయి, మిగిలేది ఒకటిన్నర డిగ్రీ. అందుకే ఒక హద్దు దాటాక ఫ్యాను మీద ఖర్చు పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

అట్టపెట్టె మీద రాసిన సీఎఫ్‌ఎం ఫ్యానుకు ముందూ వెనకా ఏమీ తగిలించకుండా కొలిచింది. గొట్టం, అందులో మలుపులు, వాసన పీల్చే కార్బన్ ఫిల్టరు ఉంటే గాలి బాగా తగ్గిపోతుంది. లెక్కకు వచ్చినదానికి ఒకటిన్నర రెట్లున్న ఫ్యాను తీసుకుని తక్కువ స్పీడులో నడపండి. ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే అది తినే కరెంటు ఇంచుమించు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, మోత కూడా తగ్గుతుంది. ఎలక్ట్రానిక్‌గా స్పీడు మార్చే వీలున్న ఈసీ రకం మోటారు ఫ్యాన్లకు కొంచెం ఎక్కువ పెట్టినా తప్పులేదు.

గాలి ఎక్కడ నుంచి వచ్చి ఎక్కడికి పోవాలనేది మన పెద్దవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మన పాత మట్టి మిద్దెలకు కప్పులో గవాక్షి ఉంచేవాళ్ళు. పొయ్యి పొగ, వేడి పైకెక్కి అందులోంచి పోయేవి, కింద వాకిలిలోంచి గాలి వచ్చేది. టెంటుకూ అదే పద్ధతి. ఎగ్జాస్టు పైమూలలో, గాలి వచ్చే దారి కింద, ఎదురు మూలలో ఉండాలి. రెండూ ఒకే వైపు ఉంటే వచ్చిన గాలి మొక్కలను తాకకుండానే వెళ్ళిపోతుంది. కింది కంత ఎగ్జాస్టు నోటికి రెండు మూడు రెట్లు వెడల్పుండాలి. దానికి తెల్లదోమ రాకుండా సన్న మెష్ కడితే ఇంకా వెడల్పు కావాలి, ఆ మెష్ గాలిని ఆపుతుంది. ఆషాఢ గాలులప్పుడు మన దుమ్ము సంగతి తెలుసు కదా, వారం రోజుల్లో మెష్ ఎర్రగా మూసుకుపోతుంది. విప్పి కడుక్కోవడానికి వీలుగా బిగించండి.

ఫ్యాను సరిగ్గా లాగుతోందో లేదో తెలుసుకోవడానికి పరికరం అక్కర్లేదు. జిప్పులన్నీ వేసి ఫ్యాను ఆన్ చేయండి. టెంటు గుడ్డ అన్ని వైపులా కొంచెం లోపలికి లాక్కున్నట్టు అవ్వాలి. గుడ్డ లోపలికి మరీ గుంటపడి మొక్కలను తాకుతుంటే కింది కంత చాలలేదని అర్థం. అసలు కదలకపోతే ఎక్కడో సందు ఉంది. ఒక అగరుబత్తి వెలిగించి జిప్పు వెంట, గొట్టం అతుకుల వెంట మెల్లగా జరపండి. పొగ లోపలికి లాక్కుపోయే చోటే ఆ సందు. గొట్టం అతుకు దగ్గర పొగ బయటికి చెదిరితే మీరు తోలిన వేడిగాలి మళ్ళీ గదిలోకే వస్తున్నట్టు. ఎగ్జాస్టు గొట్టం కిటికీ దాటి బయటికి పోవాలి. గదిలోనే వదిలితే గంట గంటకూ గది వేడెక్కుతుంది, టెంటు మళ్ళీ దాన్నే పీలుస్తుంది.

ఏసీ గదిలో పెట్టుకునేవాళ్ళ విషయం వేరు. అక్కడ ఎగ్జాస్టును బయటికి పంపితే కొన్న చల్లదనాన్నంతా వీధిలో పోసినట్టే. గదిలోకే వదిలి, వేడిని ఏసీకి అప్పగించండి. కాకపోతే రోజుకు రెండు మూడుసార్లు కిటికీ తీయండి. మూసిన చోట మొక్కలు కార్బన్ డయాక్సైడును తొందరగా వాడేసుకుంటాయి. బయటి గాలిలో పది లక్షల వంతుల్లో 420 వంతులకు పైగా ఉండే ఆ వాయువు లోపల సగానికి పడిపోతే ఎంత లైటు వేసినా ఎదుగుదల ఉండదు.

ఇక గది వేడి. మన ఊళ్ళో అసలు సమస్య ఇదే.

మొదటిది చోటు. టెంటు ఎక్కడ పెడుతున్నారు? చాలామంది మేడ మీద ఖాళీగా ఉన్న గదిలో పెడతారు. ఇంట్లో అంతకంటే వేడి చోటు ఇంకోటి లేదు. ఆర్‌సీసీ స్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రి పది పదకొండు దాకా వేడిని కిందికి వదులుతూనే ఉంటుంది. తాడిపత్రి నాపరాయి పరిచిన కింది అంతస్తు గది, అందులోనూ ఉత్తరం వైపు గది దొరికితే వదలకండి. ఒకే ఇంట్లో ఆ రెండు గదులకు మధ్యాహ్నం ఐదారు డిగ్రీల తేడా ఉండొచ్చు. ఏ ఫ్యానూ ఇవ్వలేని ఐదు డిగ్రీలు అవి, పైసా ఖర్చు లేకుండా వస్తాయి. మేడ మీద గది తప్ప వేరే దారి లేనివాళ్ళు కప్పుకు వేసవికి ముందే సున్నమో, తెల్లటి కూల్ రూఫ్ పెయింటో వేయించుకోండి.

రెండోది వేళ. మొక్కకు పగలూ రాత్రీ మనం ఇచ్చేదే. బయట సూర్యుడు ఉన్నప్పుడే టెంటులో లైటు వెలగాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు. మన దగ్గర మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వేడి పతాక స్థాయిలో ఉంటుంది, తెల్లవారుజామున అన్నిటికంటే చల్లగా ఉంటుంది. వేసవిలో రాత్రి తొమ్మిదికి లైటు వేసి, ఉదయం పదకొండుకు ఆపేలా టైమరు పెట్టండి. 14 గంటలు ఆకుకూరలకు బాగా సరిపోతాయి. మరీ మండే పది పదిహేను రోజులు లైటును 60 శాతానికి తగ్గించండి. వేడి కూడా అంత మేర తగ్గుతుంది. ఎదుగుదల నెమ్మదిస్తుంది, పంట మాత్రం దక్కుతుంది.

మూడోది నీళ్ళు. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇందులో మన సీమకు ఒక వరం ఉంది.

మే నెలలో మన గాలి 40 డిగ్రీల దగ్గర ఉంటే తేమ 20 శాతం ఉండొచ్చు. మొక్కకు ఆ పొడి చాలా కష్టం, వేళ్ళు తోడేదానికంటే ఆకులు వదిలేది ఎక్కువైపోతుంది. కానీ అదే పొడి గాలి తడి తగిలితే బాగా చల్లబడుతుంది. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలి నీటి ఆవిరితో గరిష్ఠంగా 23 డిగ్రీల దాకా దిగగలదు. మామూలు డెసర్ట్ కూలరు ఆ దారిలో ముప్పావు వంతు నడిపిస్తుందనుకున్నా 27, 28 డిగ్రీల గాలి వస్తుంది, తేమా పెరుగుతుంది. ఒకే దెబ్బకు రెండు కష్టాలూ తీరుతాయి. విజయవాడలోనో కాకినాడలోనో ఉక్కపోతలో కూలరు పెట్టుకున్నవాళ్ళకు ఈ లాభం లేదు. అక్కడి గాలి ముందే తడిసి ఉంటుంది.

కూలరును టెంటులోకి దూర్చకండి. గదిలో పెట్టి, దాని గాలి టెంటు కింది కంత వైపు వచ్చేలా తిప్పండి, ఎగ్జాస్టు మాత్రం కిటికీ బయటికి పోనివ్వండి. గదికి ఇంకో కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, లేకపోతే కూలరు తన తడి గాలినే తిప్పి తిప్పి వాడుకుంటుంది.

నీళ్ళకు కటకటలాడే జిల్లాలో కూలరుకు నీళ్ళెక్కడివి అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఒక లీటరు నీరు ఆవిరైతే 100 వాట్ల లైటు దాదాపు ఏడు గంటల్లో వదిలే వేడిని లాక్కుపోతుంది. ఆ లైటు 14 గంటల్లో వదిలే వేడి ఒక్కటే చూస్తే రెండు లీటర్లు చాలు. గది గాలిని చల్లబరచడానికి అంతకు ఎన్నో రెట్లు పోతుంది. అందుకే చోటు, వేళ అనే రెండు పనులు ముందు చేయమంటాను. ఆ రెండూ చేశాక కూలరు నడపాల్సిన గంటలు బాగా తగ్గుతాయి. మన బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ, కూలరు గడ్డి తెల్లగా బిరుసెక్కుతుంది. వారానికోసారి తొట్టి నీళ్ళు పూర్తిగా మార్చండి. పొగమంచులా చిమ్మే అల్ట్రాసోనిక్ హ్యుమిడిఫయర్‌లో మాత్రం ఈ నీళ్ళు అసలు పోయకండి. ఆ ఉప్పంతా తెల్లపొడిగా ఆకుల మీద పేరుకుంటుంది.

మిద్దె మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం చేయి పెట్టలేనంత కాగి ఉంటాయి. వాటిని నేరుగా మొక్కలకు పోయకండి. హైడ్రోపోనిక్స్, అంటే మట్టి లేకుండా నీళ్ళలోనే సాగు చేసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు 9 మిల్లీగ్రాములు కరిగే ఆక్సిజన్, 30 డిగ్రీలకు ఏడున్నరకు తగ్గుతుంది. వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, జిగటగా వేలికి అంటుకుంటే కుళ్ళు మొదలైనట్టే. నీళ్ళ తొట్టిని టెంటు బయట, నేల మీద, చల్లని గచ్చు మీద పెట్టుకోండి.

టెంటు లోపల ఒక చిన్న క్లిప్ ఫ్యాను కూడా ఉండాలి. ఇది ఎగ్జాస్టు కాదు, లోపలి గాలిని కదిలించడానికి. లెట్యూస్ అనే సలాడ్ ఆకుకూర పెంచేవాళ్ళు ఒకసారి నడిమి లేత ఆకులు విప్పి చూడండి. బయటి ఆకులు నవనవలాడుతుంటాయి, లోపలి చిట్టి ఆకుల అంచు మాత్రం గోధుమరంగులో, కాల్చినట్టు ముడుచుకుని కనిపిస్తుంది. క్యాల్షియం మందు పోయాలని పరుగెత్తుతారు. చాలాసార్లు నీళ్ళలో క్యాల్షియం ఉంటుంది, మన బోరు నీళ్ళలో అయితే మరీను. అది నీటితో పాటే ఆకుకు చేరుతుంది. గాలి ఆడని నడిమి ఆకులోంచి నీరు ఆవిరి కాదు, అందుకే క్యాల్షియం అక్కడికి రాదు. గాలి పైనుంచి ఆ నడిమికి తగిలేలా ఫ్యాను తిప్పితే కొత్తగా వచ్చే ఆకులు బాగుపడతాయి. ఆకులు సన్నగా వణకాలి, ఊగిపోకూడదు.

ఏ పంట ఎప్పుడు అనేది కూడా వేడి లెక్కలో భాగమే. లెట్యూస్ 27, 28 డిగ్రీలు దాటితే చేదెక్కి పూతకు వస్తుంది, కొత్తిమీర కూడా వేడికి త్వరగా పూతకొస్తుంది. వాటిని నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెట్టుకుంటే కూలరు గొడవే లేదు. మే నెలలో లెట్యూసే కావాలని పట్టుబట్టి కరెంటు, నీళ్ళు ధారపోయడం నాకు సబబనిపించదు. తోటకూర, గోంగూర, తులసి జాతి మొక్కలు వేడికి తట్టుకుంటాయి.

ఆగస్టు, సెప్టెంబరులో గాలి తీరు మారుతుంది. వాన పడిన రాత్రి తేమ 80, 90 శాతానికి పోతుంది. అప్పుడు కూలరులో నీళ్ళు ఆపేయాలి. లైటు ఆరిన తర్వాత ఎగ్జాస్టును కూడా ఆపేస్తారు కొందరు, అది మంచిది కాదు. చీకట్లో టెంటు చల్లబడి ఆకుల మీద నీటి బొట్లు చేరతాయి, బూజు అక్కడే పుడుతుంది. తక్కువ స్పీడులో రాత్రంతా తిరగనివ్వండి. ఇన్వర్టరు ఉన్నవాళ్ళు దానికి ఫ్యాన్లను మాత్రమే కలపండి, లైటును కలపకండి. ఫ్యాను చెడిపోయి లైటు వెలుగుతూ ఉండిపోతే పొద్దున్నే వాడిన మొక్కలు కనిపిస్తాయి. కాబట్టి లైటు వైరుకు థర్మోస్టాటు ఒకటి పెట్టించి, 36 డిగ్రీలు దాటితే లైటు దానంతట అదే ఆరిపోయేలా చేయించండి.

ఇంకా టెంటు కొననివాళ్ళకు నా విన్నపం ఒకటి. ముందు కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుంచుకునే డిజిటల్ థర్మామీటరు, తేమ కూడా చూపించేది, ఒకటి తెచ్చుకోండి. టెంటు పెట్టాలనుకునే గదిలో, మొక్కలుండే ఎత్తులో, ఎండ పడని చోట వారం రోజులు ఉంచండి. పొద్దున, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పడుకోబోయే ముందు అంకెలు రాసుకోండి. ఇంట్లో రెండు గదులుంటే రెండింటిలోనూ రాయండి. ఆ కాగితం, మీరు కొనాలనుకునే లైటు వాట్లు తీసుకుని వస్తే, ఏ గది, ఏ వేళ, ఎంత ఫ్యాను అనేది కూర్చుని లెక్క వేసుకుందాం. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.