ఎడారి చీమ నావిగేషన్: నా రివ్యూ

నమస్తే అండీ. మొన్న పెద్దమ్మ వాళ్ళ ఊరెళ్తుంటే, ఫోన్‌లో మ్యాప్ నన్ను తీసుకెళ్ళి చెరువు కట్ట మీద నిలబెట్టింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. అందుకే ఈ వారం ఫోన్లూ లేవు, వాచీలూ లేవు. చీమని రివ్యూ చేస్తున్నా.

మన వంటింటి చీమ సంగతి తెలిసిందే. ముందెళ్ళింది వాసన గీత గీస్తుంది, వెనకవి దాని మీదే బారు కడతాయి. ఇదిగో, గట్టు మీద తడిగుడ్డతో అడ్డంగా ఒక్కసారి తుడిచా. చూశారా? అటువి అటే, ఇటువి ఇటే ఆగిపోయి మీసాలాడిస్తున్నాయి.

కానీ ఇవాళ్టి హీరో ఇది కాదు. ట్యునీషియా ఉప్పు మైదానాల్లో ఉండే కాటాగ్లిఫిస్ ఫోర్టిస్ అనే ఎడారి చీమ. అక్కడ గుర్తు పెట్టుకోడానికి చెట్టుండదు, బండుండదు. ఎండకి చచ్చిన పురుగుల కోసం ఒంటరిగా బయల్దేరి, వంకరటింకరగా వెతుకుతుంది. పురుగు దొరికిందా, వచ్చిన దారి పట్టదు. తిన్నగా పుట్ట వైపు ఒకటే పరుగు!

దిక్కు ఎలా తెలుస్తుందంటే, సూర్యుణ్ణి బట్టి. సూర్యుడు కనబడకపోయినా నీలాకాశం ముక్క చాలు, అందులో కాంతి ఏ వాటంలో కంపిస్తోందో దాని కంటి పై అంచు పసిగడుతుంది. మరి దూరం? ఇది నాకు భలే నచ్చింది. అడుగుల లెక్క!

2006లో విట్లింగర్, వేనర్, వోల్ఫ్ అనే శాస్త్రవేత్తలు ఒక పని చేశారు. చీమని పుట్ట నుంచి 10 మీటర్లు నడిపించి, తిండి దగ్గర పట్టుకుని, కాళ్ళకి పంది వెంట్రుకలు అతికించారు. అంటే చీమకి కర్రకాళ్ళు కట్టారన్నమాట! అడుగు పెద్దదైంది, లెక్క పాతదే. ఇల్లు దాటేసి, మొత్తం 15 మీటర్ల దాకా వెళ్ళి వెతుక్కుంది. కాళ్ళు కత్తిరించినవి 6 మీటర్లు కూడా రాకుండానే ఆగిపోయాయి. పాపం అనిపించింది నాకైతే.

మైనస్ ఒకటుంది. ఇంటికొచ్చే చీమనెత్తి పక్కకి మార్చారనుకోండి, అదే దిక్కు, అదే దూరం పరుగెత్తి, పుట్ట లేని చోట ఆగుతుంది. కానీ తప్పిపోయానని దానికి తెలుస్తుంది. అక్కణ్ణుంచి చుట్లు తిరుగుతూ, చుట్టు పెంచుకుంటూ వెతుకుతుంది. నా ఫోనైతే చెరువు ముందు కూడా "గమ్యం చేరుకున్నారు" అంది.

అయ్యో, గట్టు మీద ఒకటి దాటేసిందండీ, వెనక ఇంకో రెండు. పంచదార డబ్బా తీసేయాలి, ఉంటా.