తుమ్ములన్నీ జలుబు కాదు

అందరికీ నమస్కారం. ఆదివారం పనులు మానుకుని ఇంతమంది తల్లిదండ్రులు వచ్చారు, చాలా సంతోషం.

పిల్లాడు నాలుగు తుమ్ములు తుమ్మితే చాలు, పడిశం పట్టిందంటాం. నిజంగా పడిశమే అయితే కారణం వైరస్‌లు, ఎక్కువగా రైనోవైరస్. గొంతు గరగర, కాస్త నలత, వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. చీమిడి పచ్చబడిందని మందుల షాపులో యాంటీబయాటిక్ అడక్కండి. వైరస్ మీద అది పనిచేయదు.

మరి నెలల తరబడి వదలని 'జలుబు' సంగతేంటి? పొద్దున లేస్తూనే వరసగా తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, కళ్ల దురద. జ్వరం మాత్రం ఉండదు. ఇది చాలావరకు జలుబు కాదు, అలర్జీ. పిల్లాడు అరచేత్తో ముక్కు కొనను పైకి తోసి రుద్దుకుంటూ ఉంటాడు. రుద్ది రుద్ది ముక్కు మీద అడ్డంగా సన్నటి గీత పడుతుంది. ఆ గీత చూస్తే నేను ముందు పరుపు గురించి అడుగుతాను. పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని డస్ట్‌మైట్ అనే పురుగులుంటాయి. మన ఒంటి నుంచి రాలే పొట్టే వాటి తిండి. వాటి మలం పడనివాళ్లకు ముక్కు పొరలో హిస్టమిన్ అనే రసాయనం విడుదలవుతుంది. ఆ తుమ్ములు, దురద, నీళ్లు కారడం దాని పనే. మందుకంటే ముందు దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి.

వానలు పడ్డాక ఖాళీ స్థలాల్లో పూసే వయ్యారిభామ పుప్పొడి కూడా కొందరికి పడదు. మాడిన మిరపకాయ ఘాటు, అగరుబత్తి పొగ అయితే ఏ అలర్జీ లేనివాళ్లనూ తుమ్మిస్తాయి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ముక్కు దిబ్బడకు వేసుకునే చుక్కల మందు. నాలుగైదు రోజులు దాటి వాడితే, ఆపగానే దిబ్బడ ఇంకా గట్టిగా తిరగబడుతుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ దిబ్బడ. సీసా జేబులో లేనిదే నిద్రపోలేని స్థితికొస్తారు. అలర్జీకి డాక్టర్ రాసే స్టెరాయిడ్ స్ప్రే ఇలాంటిది కాదు. పేరు విని భయపడి రెండో రోజే మానేయకండి, గుణం పూర్తిగా తెలియడానికి రెండు వారాలు పట్టొచ్చు. కొట్టేటప్పుడు మొన ముక్కు మధ్యగోడకు కాక చెవి వైపు ఉండాలి.

చిన్నపిల్లల తల్లులకు ఇంకో మాట. ఒక్క ముక్కు రంధ్రం నుంచే చెడు వాసనతో కారుతుంటే జలుబు సిరప్ పోయకండి. లోపల శనగగింజో, బలపం ముక్కో ఇరుక్కుని ఉండొచ్చు. పిన్నుతో మీరు తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. గడియారాల్లో, బొమ్మల్లో వేసే బటన్ బ్యాటరీ అయితే గంటల్లోనే మధ్యగోడను కాల్చేస్తుంది. అర్ధరాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకురండి.