విరిగిన చోట గ్రైండర్ పెట్టకండి

వ్యాఖ్యాత: నమస్కారం. విశాఖ స్టూడియోలో ఇవాళ్టి చర్చ స్టీలు కట్టడాల్లో వెల్డింగు ఊడిపోవడం గురించి. బీము ఊడిందంటే అందరూ వెల్డర్ వైపే చూస్తారు. మేడం, మీరు ముందు ఎటు చూస్తారు?

లోహశాస్త్ర అధ్యాపకురాలు: విరిగిన ముఖం వైపు. దానికి వైరు బ్రష్షు కొట్టకూడదు. అతుకుతాయేమో చూద్దామని రెండు ముక్కలూ కలిపి నొక్కకూడదు. క్రేన్ బీములో పగులు రోజురోజుకీ పాకితే, ఆర్కే బీచ్ ఇసుకలో అల వదిలిన గీతల్లాంటివి కనిపిస్తాయి. పెళుసుగా ఒక్కసారే విరిగితే వి ఆకారపు గీతలు, వాటి మొన పగులు పుట్టిన చోటు వైపు ఉంటుంది. పగులు లోపల పెయింటు దిగిందా, రంగు వేసేనాటికే అది పగిలి ఉంది. తనిఖీ చేసినవాళ్లు చూడలేదన్నమాట.

వెల్డర్: ఒక షెడ్డులో బ్రాకెట్ ఊడిందండి. నేను వెళ్లేసరికే గ్రైండింగ్ చేయించేశారు, మళ్లీ వెల్డింగు కొట్టమన్నారు. కొట్టాను. నాలుగు నెలలకి అక్కడే ఊడింది. ఈసారి ముక్క గుడ్డలో చుట్టి తెచ్చి సార్‌కి చూపించాను.

ఇన్‌స్పెక్టర్: పైన వెల్డు పూస ముత్యంలా ఉంది. రూట్ దగ్గర, అంటే వెల్డు అడుగున, మాత్రం ప్లేటు అంచు కోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, కరగనే లేదు. పక్కనే స్టిఫెనర్, అంటే బలానికి పెట్టే అడ్డపలక, అడ్డం, రాడ్డు సరైన కోణంలో పట్టడానికి చోటే లేదు. తప్పు డ్రాయింగులో ఉంది. మాట పడింది ఈయన.

వ్యాఖ్యాత: మన సముద్రపు గాలి సంగతేమిటి?

అధ్యాపకురాలు: 7018 అనే రకం వెల్డింగు రాడ్డు పైపూత తేమ పీలుస్తుంది. ఆర్క్ వేడికి ఆ నీరు విడిపోయి హైడ్రోజన్ కరిగిన లోహంలోకి చేరుతుంది. మందపాటి ప్లేటు త్వరగా చల్లారితే వెల్డు పక్కన గట్టి పొర ఏర్పడుతుంది. దానికి ముక్కలు కదలలేని బిగుతు తోడైతే పగులుతుంది, అదీ వెంటనే కాదు, గంటల తరవాతో రోజుల తరవాతో. అందుకే అలాంటి జాయింట్లకు 48 గంటలు ఆగి అల్ట్రాసోనిక్ పరీక్ష, అంటే ధ్వని తరంగాలతో లోపలి పగుళ్లు వెతికే పరీక్ష, చేయమంటాం.

వెల్డర్: పొద్దున్న రాడ్లు ఆరబెట్టే ఓవెన్‌లోంచి తీసినవి మధ్యాహ్నం దాకా బస్తా మీదే ఉంటాయండి. కుర్రాళ్లననేం లాభం, పక్కన పెట్టుకునే చిన్న ఓవెన్ ఇస్తే కదా!

వ్యాఖ్యాత: వెల్డర్ బాగా కొట్టినా విరిగిన సందర్భాలున్నాయా?

ఇన్‌స్పెక్టర్: 1994 జనవరి 17, కాలిఫోర్నియాలో నార్త్‌రిడ్జ్ భూకంపం. పైకి బాగానే కనిపించిన భవనాల్లో గోడ పలకలు విప్పితే బీము, కాలమ్ కలిసేచోట పగుళ్లు, ఎక్కువగా బీము కింది ఫ్లాంజి, అంటే అడుగు పలక, దగ్గర. కరిగిన లోహం జారకుండా వెల్డు కింద పెట్టి అలాగే వదిలేసిన బ్యాకింగ్ పట్టీ గాటులా పనిచేసింది. వాడిన వెల్డు లోహానికి దెబ్బ తట్టుకునే గుణం తక్కువ. అతుకు నమూనాలోనే ఒత్తిడంతా అక్కడికి చేరుతోంది. ఆ తరవాత అమెరికాలో ఆ అతుకుల నిబంధనలే మార్చారు.

వెల్డర్: మేడం, నేను ముక్కని గుడ్డలో చుట్టాను. సరిపోతుందా?

అధ్యాపకురాలు: చాలదండీ. మన ఊరి గాలికి తుప్పు తొందరగా పట్టేస్తుంది. ముందు ఫోటో తీసి, ఏ వైపు పైనుందో పెయింటుతో గుర్తు పెట్టండి, విరిగిన ముఖానికి మాత్రం తగలనివ్వకండి. సిలికా జెల్ పొట్లాలు వేసి గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూయండి. కోయాల్సి వస్తే విరిగిన ముఖానికి దూరంగా కోయండి, వేడి తగిలితే గీతలు పోతాయి.