మొగ్గ లేని టీ

నమస్కారం అండీ. గ్రీన్ టీ అనగానే మనవాళ్ళకి డైటింగే గుర్తొస్తుంది, టీ బ్యాగుని వేడినీళ్ళలో ముంచి, మొహం చిట్లించుకుని మందులా మింగేస్తారు. ఇవాళ చెప్పబోయేది ఆ బాపతు కాదులెండి. చైనాలో అన్‌హుయ్ రాష్ట్రానికి పడమటి పక్క దాబియే కొండలున్నాయి, అక్కడ లూఆన్ ప్రాంతంలో చేసే టీ ఇది, పేరు లూఆన్ గ్వాపియన్.

మామూలుగా టీ తోటల్లో ఏం కోస్తారు? రెండాకులు, ఒక మొగ్గ. చైనాలో పేరున్న గ్రీన్ టీలు చాలావాటికి మొగ్గ ఎంత లేతదైతే అంత రేటు, హాంగ్‌జౌ లాంగ్‌జింగ్ అయితే ఏప్రిల్ మొదటి వారం లోపు కోసిందానికే గిరాకీ. లూఆన్ వాళ్ళకి ఆ తొందర లేదు. ఏప్రిల్ 20 అటూఇటూగా, ఆకు బాగా విచ్చుకునేదాకా ఆగి కోస్తారు, కోసుకొచ్చాక కూర్చుని ఒక్కో రెమ్మా చేత్తో విడదీస్తారు, ఆకు వేరు, మొగ్గ వేరు, కాడ వేరు. ఈ టీలోకి వెళ్ళేది ఒట్టి ఆకే. మొగ్గలు దండగ చెయ్యరు, వాటితో వేరే టీ చేసుకుంటారు. కానీ అందరూ నెత్తిన పెట్టుకునే మొగ్గని పక్కకి నెట్టి ఉత్త ఆకుతో పేరు తెచ్చుకోవడం ఉంది చూశారూ, నాకైతే భలే నచ్చింది.

తర్వాత పెనాల పని. పక్కపక్కన రెండు పెనాలు కాస్త వాలుగా బిగించి ఉంటాయి. మొదటిది బాగా వేడి, అందులో కొంచెం ఆకు వేసి చిన్న చీపురుతో గిరగిరా తిప్పుతారు, మెత్తబడగానే రెండో పెనంలోకి తోసి, చీపురుతోనే తట్టి తట్టి షేపు తెస్తారు, అంచులు ముడుచుకుని పుచ్చగింజలా అవుతుంది.

అసలు తమాషా చివర్లో. నిప్పు మీద మూడు విడతలు ఆరబెడతారు, మూడోదే గట్టిది. నేల మీద బొగ్గులు కణకణలాడుతుంటే ఇద్దరు మనుషులు చెరోపక్కా పట్టుకుని పెద్ద వెదురు బుట్ట తెచ్చి దానిమీద పెడతారు. ఎంతసేపు? రెండు మూడు సెకన్లు, అంతే. ఎత్తేసి, పక్కకి తీసుకెళ్ళి ఆకు కలబెట్టి మళ్ళీ తెస్తారు, ఒక్కో బుట్టకి ఇలా యాభై అరవై సార్లకి తక్కువ కాదు, రెండు మూడు బుట్టలు వంతులవారీగా తిరుగుతుంటాయి కాబట్టి నిప్పుకీ తీరికుండదు, మనుషులకీ ఉండదు. కాస్త ఆలస్యమైతే మాడు వాసనే. సరిగ్గా కుదిరితే పచ్చటి ఆకు మీద సన్నటి తెల్ల పూత వస్తుంది, తెలిసినవాళ్ళు కొనేముందు చూసేది దాన్నే. ఇక వేడివేడిగానే డబ్బాల్లోకెత్తి సీలు వేస్తారు.

లూఆన్ టీ పాతదే, మింగ్, చింగ్ రాజుల కాలంలో కోటకి కానుకగా వెళ్ళేది. ఈ ఒట్టి ఆకు పద్ధతి మాత్రం 1905 ప్రాంతంలో వచ్చిందని చెప్పుకుంటారు, ఎవరు మొదలెట్టారంటే తలో కథా చెప్తారు. మేలైన సరుకు జిన్‌జాయ్ జిల్లా చీషాన్ చుట్టుపక్కలదని పేరు. అప్పట్లో టీ బేరాలకి పేరుమోసిన మాబు అనే ఊరు, 1950ల్లో కట్టిన డ్యాము నీళ్ళలో మునిగిపోయింది. తయారీ పద్ధతిని 2008లో చైనా ప్రభుత్వం వారసత్వ జాబితాలో చేర్చింది, 2022లో యునెస్కో చైనా టీ పద్ధతుల్ని గుర్తించినప్పుడు ఇదీ అందులో ఉంది.

దొరికితే సలసల మరిగే నీళ్ళు పొయ్యకండి, 80, 85 డిగ్రీలు చాలు, పాలూ చక్కెరా ఊసే వద్దు. కాస్త వేయించిన వాసనతో, నోటినిండా, చివర్లో చిరుతీపిగా ఉంటుంది, అవే ఆకుల మీద రెండోసారి నీళ్ళు పోస్తే ఇంకా బావుంటుంది. డబ్బా మాత్రం ఇంగువ, మసాలాల పక్కన పెట్టకండేం, వాసన ఇట్టే పట్టేస్తుంది.