కొత్త కిడ్నీ వచ్చాక క్యాన్సర్ మాట

శ్రోతలకు నమస్కారం.

కిడ్నీ మార్పిడి చేయించుకున్న మనిషి ఒంట్లో ఎన్ని కిడ్నీలుంటాయి? చాలామందికి మూడు. పాడైన రెండింటినీ సాధారణంగా తీయరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఓ పక్కన అమరుస్తారు. పని మానేసిన ఆ పాతవాటిలో ఏళ్లు గడిచేకొద్దీ నీటితిత్తులు లేస్తాయి, ఒక్కోసారి క్యాన్సరూ మొదలవుతుంది. మూత్రంలో రక్తం కనబడితే కొత్త కిడ్నీ ఒక్కదాన్నే అనుమానిస్తే చాలదు.

1954లో బోస్టన్‌లో జోసెఫ్ మర్రే బృందం చేసిన తొలి విజయవంతమైన మార్పిడి అచ్చుగుద్దినట్టుండే కవలల మధ్య జరిగింది. ఒకరి కిడ్నీని మరొకరి ఒళ్లు పరాయిదనుకోలేదు. మిగతావారికి ఆ వెసులుబాటు లేదు. టాక్రోలిమస్, మైకోఫినోలేట్ లాంటి మందులతో రోగనిరోధక శక్తిని అణిచి ఉంచాల్సిందే. తిరకాసంతా ఇక్కడే. దారితప్పిన కణాలను పట్టేదీ, క్యాన్సర్ తెచ్చే వైరస్‌లను అదుపు చేసేదీ ఆ శక్తే మరి. అందుకే వీరికి క్యాన్సర్ ముప్పు మొత్తమ్మీద రెండు మూడు రెట్లు ఎక్కువ. రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లలో పెద్ద తేడా లేదు. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో ముడిపడ్డ లింఫోమా అనే తెల్లరక్తకణాల క్యాన్సర్, అన్నిటికన్నా మించి తెల్లతోలు వారిలో చర్మ క్యాన్సర్, బాగా పెరుగుతాయి.

చర్మ క్యాన్సర్ ఎలా మొదలవుతుందంటే, చెవి అంచున చిన్న పొక్కు. పెచ్చు కడుతుంది, గోరు తగిలితే ఊడుతుంది, కాస్త రక్తం చెమరుస్తుంది, నాలుగు రోజులకు మళ్లీ పెచ్చు. నొప్పి లేదు కదా అని వదిలేస్తారు. నెలైనా మానని పుండును డాక్టరు చూడాల్సిందే. ఎండలోకి వెళ్తే టోపీ, నిండు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ మరవద్దు.

ఇదంతా విని భయపడి మాత్రలు మానేశారా, కిడ్నీయే పోవచ్చు. నా దృష్టిలో అది క్యాన్సర్ భయం కన్నా పెద్ద ప్రమాదం. క్యాన్సర్ నిజంగా వచ్చినా మందు తగ్గించాలా, సిరోలిమస్ అనే మరో అణిచే మందుకు మార్చాలా అన్నది డాక్టర్లు తూచి తేల్చాలి. కొన్ని లింఫోమాలు మోతాదు తగ్గించగానే కరుగుతాయి. అదే కొత్తరకం ఇమ్యునోథెరపీ అయితే అణిగి ఉన్న శక్తిని తట్టిలేపి, క్యాన్సర్‌తోపాటు కిడ్నీ మీదికీ ఉసిగొల్పవచ్చు.

మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవారు క్యాన్సర్ తెచ్చే వైరస్‌లైన హెపటైటిస్ బి, హెచ్‌పీవీలకు టీకాల సంగతి ముందే అడగండి. తర్వాత వేయించుకుంటే అంత బాగా పనిచేయవు. మార్పిడి అయిపోయినవారు ఈసారి చెకప్‌లో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో తెలుసుకుని లేచిరాకుండా, చొక్కా విప్పి వీపు కూడా చూపించండి. అద్దంలో మనకు సరిగా కనబడని చోటు అదే.

సెలవు.