చెరువు నీళ్లకు సముద్రం సెట్టింగ్స్ పనికిరావు

(హనుమకొండలో వీడియోగ్రాఫర్లతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది పెళ్లి వీడియోలు తీసేవాళ్లే. స్విమ్మింగ్ పూల్‌లో ప్రీ వెడ్డింగ్ షూట్ కావాలని అడిగే జంటలు మన దగ్గర కూడా వస్తున్నారు. చెరువులో కొర్రమట్ట చేపలను వీడియో తీయాలని తిరుగుతున్న తమ్ముళ్లు కూడా కొందరు వచ్చారు. పొద్దున్నుంచి అందరూ అడుగుతున్నది ఒకటే, “అన్నా, నీళ్ల లోపల వీడియో తీయడానికి కెమెరా సెట్టింగ్స్ చెప్పు” అని.

చెప్తా. కాకపోతే యూట్యూబ్‌లో చూసి రాసుకొచ్చిన నంబర్లు కాసేపు పక్కన పెట్టండి. అవి చాలావరకు సముద్రం కోసం చెప్పినవి. అండమాన్ నీళ్లు వేరు, మన పాకాల చెరువు నీళ్లు వేరు.

నీళ్లు వెలుగును తాగేస్తాయి, అందులోనూ ఎరుపును ముందు తాగేస్తాయి. ఎంత తేట నీళ్లైనా ఐదారు మీటర్లు దాటేసరికి ఎరుపు చాలావరకు పోతుంది. సముద్రంలో చివరికి నీలం మిగులుతుంది. మన చెరువుల్లో అదీ మిగలదు. పాచి, కుళ్లిన ఆకుల నుంచి దిగిన రసం కలిసి నీలాన్ని కూడా లాగేస్తాయి. రెండు వైపులా కోత పడితే మిగిలేది ఆకుపచ్చే. అందుకే సముద్రం కోసం అమ్మే ఎర్ర ఫిల్టర్ ఇక్కడ సరిగా పనిచేయదు. ఆకుపచ్చ నీళ్లకు మెజెంటా ఫిల్టర్ వేరే దొరుకుతుంది. అయితే ఏ ఫిల్టరైనా వెలుగును తగ్గిస్తుంది. మసక నీళ్లలో నేనైతే అసలు ఫిల్టరే పెట్టను.

ఇంకో లెక్క చాలామందికి తట్టదు. రంగు పోవడానికి లోతు ఒక్కటే కారణం కాదు. ఎండ పైనుంచి చేప దాకా వచ్చిన దూరం, చేప నుంచి మీ లెన్స్ దాకా వచ్చిన దూరం, రెండూ కలుపుకోవాలి. రెండు మీటర్ల లోతులోనే ఉన్నా, చేప మూడు మీటర్ల దూరంలో ఉంటే వెలుగు ఐదు మీటర్ల నీళ్లు దాటి వచ్చినట్టే. కాబట్టి మొదటి సెట్టింగ్ కెమెరా మెనూలో లేదు, మీ చేతిలో ఉంది. దగ్గరికి వెళ్లండి. జూమ్ చేయకండి, వైడ్ లెన్స్ పెట్టి రెండు మూడు అడుగుల దూరంలోకి జరగండి. మధ్యలో నీళ్లు తగ్గితే రంగు వస్తుంది, మసక తగ్గుతుంది, ఫోకస్ కూడా కుదురుతుంది.

ఆ తర్వాత వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సర్దే సెట్టింగ్. ఆటోలో వదిలేస్తే కెమెరా షాట్ మధ్యలోనే మనసు మార్చుకుంటుంది. చేప పక్కకు తిరిగితే ఒక రంగు, గడ్డి అడ్డొస్తే ఇంకో రంగు. ఎడిటింగ్‌లో కూర్చుని ఏడవాల్సిందే. తెల్ల ప్లాస్టిక్ పలక ఒకటి తీసుకెళ్లండి. చేప ఏ లోతులో ఉంటే ఆ లోతులో పట్టుకుని, ఎండ మీ వీపు వైపు ఉండేలా తిరిగి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ కొట్టండి. లోతు రెండు మీటర్లు మారితే మళ్లీ కొట్టాలి. చిన్న యాక్షన్ కెమెరాలో ఆ సౌకర్యం లేకపోతే, వెలుగు రంగును చెప్పే కెల్విన్ నంబర్ ఒకదాని మీద లాక్ చేసేయండి. రంగు తప్పుగా వచ్చినా అంతటా ఒకేలా తప్పుంటే సరిదిద్దుకోవచ్చు.

ఫ్రేమ్ రేట్, అంటే సెకనుకు తీసే బొమ్మలు, 25. షటర్, అంటే ఒక్కో బొమ్మకు వెలుగు పడే సమయం, సెకనులో 1/50 వంతు. స్లో మోషన్ కావాలంటే ఫ్రేమ్ రేట్ 50, షటర్ 1/100. పూల్‌లో లైట్లు వేసి తీసేవాళ్లకు ఈ నంబర్లు మరీ ముఖ్యం. మన కరెంటు 50 హెర్ట్జ్, 1/60 పెడితే కొన్ని లైట్ల కింద వీడియో మినుకుమినుకుమంటుంది. పట్టపగలు పూల్ అడుగున ఎండ అలలు అలలుగా కదులుతుంది కదా, దానికి వెలుగును తనంతట తానే సర్దే ఆటో ఎక్స్‌పోజర్ ఎగిరి పడుతుంది. పెళ్లికూతురి ముఖానికి సరిపెట్టి లాక్ చేయండి.

యాక్షన్ కెమెరాలో ఐఎస్ఓ, అంటే వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, గరిష్ఠం 400 పెట్టండి, తప్పకపోతే 800. పెద్ద కెమెరా గుండ్రటి డోమ్ గాజు వెనక ఉంటే మూలలు మసకబారకుండా లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8 పెట్టమంటారు. మన చెరువులో అంత వెలుగు ఎక్కడిది? రంధ్రం పెద్దగా తెరుచుకునే ఎఫ్/4 పెట్టుకోండి. మూలల్లో ఉండేది ఆకుపచ్చ నీళ్లే, వాటిని ఎవరూ పరీక్షించరు.

లాగ్ ప్రొఫైల్, అంటే రంగులు తర్వాత దిద్దుకునేలా వీడియోను చప్పగా రికార్డు చేసే పద్ధతి, దాని మీద మోజు పడేవాళ్లకు ఒక మాట. ఎండా నీడా మధ్య తేడా బాగా ఎక్కువున్నప్పుడు లాగ్ పనికొస్తుంది. మసక నీళ్లలో ఆ తేడాయే ఉండదు. రంగు ఛాయలు తక్కువ పట్టే 8 బిట్ కెమెరాలో లాగ్ పెట్టి తర్వాత కాంట్రాస్ట్ లాగితే ఆకుపచ్చ అంతా చారలు చారలుగా విరుగుతుంది. మామూలు ప్రొఫైలే పెట్టండి. బిట్ రేట్, అంటే సెకనుకు రికార్డయ్యే డేటా, మాత్రం కెమెరా ఇచ్చినంతా పెట్టండి. నీళ్లలో తేలే నలుసులు ప్రతి ఫ్రేమ్‌లోనూ చోటు మారుతుంటాయి, వాటికి డేటా ఎక్కువ కావాలి.

ఆ నలుసుల వెంట ఆటోఫోకస్ కూడా పరిగెడుతుంది. ఒకసారి ఫోకస్ కుదరగానే లాక్ చేయండి. టేపుతో కొలిచి మాత్రం పెట్టొద్దు. నీళ్లలో చదునైన గాజు వెనక నుంచి చూస్తే నాలుగు అడుగుల దూరం కెమెరాకు మూడు అడుగులుగా కనిపిస్తుంది. లైటు కెమెరా నెత్తిన పెడితే నలుసులన్నీ మెరిసి మంచు కురిసినట్టు ఉంటుంది. చేయి చాచినంత దూరం పక్కకు జరపండి, అప్పటికీ మెరిస్తే ఆర్పేయండి.

వాన నీళ్ల మట్టి దిగాక, చలికాలంలో, పగలు పదకొండు నుంచి రెండు మధ్య వెళ్తే సగం బాధ తప్పుతుంది. చెరువుకు ఒంటరిగా వెళ్లొద్దు. తూము దగ్గర నీళ్లు లాగుతాయి, అటు అసలు పోవద్దు. వలలు ఎక్కడ కట్టారో అక్కడి మత్స్యకారులను అడిగి దిగండి. పాకాల చెరువు అభయారణ్యంలో ఉంది, అటవీ శాఖ అనుమతి కావాలి.

బయట డ్రమ్ములో చెరువు నీళ్లు నింపి పెట్టించాం. కెమెరా కంటే ముందు దాన్ని నీళ్ల నుంచి కాపాడే డబ్బా, అదే హౌసింగ్, ఖాళీగా ముంచి చూడండి, దాని రబ్బరు ఓ-రింగ్ మీద వెంట్రుక ఉన్నా నీళ్లు లోపలికి పోతాయి. తెల్ల పలకలు బల్ల మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకుని రండి.